ఇచ్చట కళ్లు కిరాయికి ఇవ్వబడవు

హనుమకొండ సుబేదారిలో నాకొక బ్యూటీ పార్లర్ ఉంది. పెద్దదేం కాదు. రెండు కుర్చీలు, ఒక స్టీమర్, గోడ నిండా అద్దం. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే మాత్రం కాలు పెట్టడానికి చోటుండదు. పెళ్లికూతురి నగల సెట్లు కూడా కిరాయికి ఇస్తాను. హారం, వడ్డాణం, పాపిడిబిళ్ల తీసుకుపోతారు, పెళ్లయ్యాక తెచ్చిస్తారు. తంటా అంతా అక్కడే మొదలైంది. వడ్డాణం కిరాయికి దొరికే చోట సమస్తం కిరాయికి దొరుకుతుందని జనానికి ఒక నమ్మకం.

"అక్కా, లెన్సులు గూడ కిరాయికిస్తరా? బూడిద రంగుయి. ఒక్క పూటకే."

మొదటిసారి ఎవరో అడిగితే పడీపడీ నవ్వాను. తర్వాత ఇంకొకరు అడిగారు, ఆ తర్వాత ఇంకొకరు. ఒకసారి ఒక తల్లి పర్సులోంచి చిన్న డబ్బీ తీసి నా ముందు పెట్టింది. "పెద్దబిడ్డ పెండ్లికి కొన్నయమ్మా. ఒక్కపారే పెట్టుకున్నది, కొత్తగనే ఉన్నయ్. చిన్నదానికి గూడ అవ్వే పెట్టు."

"అమ్మా, పెద్దబిడ్డ పండ్లు తోముకున్న బ్రష్షు చిన్నబిడ్డకిస్తవా?"

"ఛీ, అదెట్లిస్తం!"

"మరి నోటికున్న మర్యాద కంటికి లేదా?"

ఆమెకు కోపమొచ్చింది. బిడ్డను లేపుకుని ఎదురు పార్లర్‌కు పోయింది. పోనీ అనుకున్నాను. నాకు నోరు ఎక్కువని మా అమ్మ ఎప్పుడూ అంటుంది, అది నిజమే. ఆ సాయంత్రమే తెల్లకాగితం మీద "ఇచ్చట కళ్లు కిరాయికి ఇవ్వబడవు" అని రాసి అద్దానికి అతికించాను. ఇప్పుడు అమ్మాయిలు దాని పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు, అది వేరే సంగతి.

లెన్సుల మీద నాకింత పట్టింపు ఎందుకంటే నేనూ పెట్టుకుంటాను. నాది మైనస్ అయిదు పవర్. ఒకప్పుడు కళ్లజోడే ఉండేది. కానీ మా పనిలో కళ్లజోడు ఒక శత్రువు. స్టీమర్ పెడితే ఆవిరి పట్టి లోకమంతా తెల్లబోతుంది. కనుబొమలకు థ్రెడింగ్ చేయాలని వంగితే ముక్కు మీంచి జారుతుంది. దారం ఒక కొస పళ్ల మధ్య, రెండు చేతులూ దారంలోనే, ఇంక దాన్ని ఎత్తేదెవరు? ఒకరోజు ఏకంగా ఒక లెక్చరరమ్మ నుదుటి మీద పడింది. ఆమె "అమ్మో" అని లేచి కూర్చుంది, ఒక కనుబొమ సగంలోనే ఆగిపోయింది. ఆ మర్నాడే హనుమకొండ చౌరస్తా దగ్గర ఆప్టికల్ షాపుకు పోయాను.

అక్కడి అమ్మాయి ఓపిక గల మనిషి. పరీక్ష చేస్తూనే అంతా చెప్పుకొచ్చింది. నల్లగుడ్డును కప్పుతూ ముందువైపు గడియారం అద్దంలాంటి పారదర్శకమైన పొర ఒకటి ఉంటుందట. చూపుకు అడ్డం రాకుండా అందులో రక్తనాళాలే ఉండవు, అందుకని దానికి కావలసిన ఊపిరి ఎక్కువగా బయటి గాలి నుంచే, కన్నీటిలో కరిగి అందాలి. లెన్సు ఆ పొరకు నేరుగా అతుక్కోదు, కన్నీటి మీద తేలుతుంది. తడి గట్టు మీద స్టీలు పళ్లెం పెడితే అంటుకుని జారుతుంది చూడండి, అదే పద్ధతి. రెప్ప కొట్టినప్పుడల్లా కొంచెం కదిలి, కిందికి కొత్త నీరు పోనిస్తుంది. చేసేది కళ్లజోడు పనే, వెలుతురును వంచి కంటి లోపల సరైన చోట పడేయడం. కాకపోతే ముక్కు మీద కాదు, కంటి మీదే కూర్చుని చేస్తుంది.

ఇక రకాలంటారా, చీరల దుకాణంలో కూర్చున్నట్టే. నీళ్లు పీల్చుకునే మెత్తటివి, వాటిల్లో సిలికాన్ కలిపి గాలి బాగా ఆడేలా చేసినవి. పొద్దున పెట్టి రాత్రి పారేసేవి కొన్ని, రోజూ కడుక్కుని నెల తిరగ్గానే పారేసేవి కొన్ని. కంటి వంపు అన్నివైపులా ఒకేలా లేక సిలిండర్ పవరున్నవాళ్లకు టోరిక్ అని, కంట్లో గిర్రున తిరగకుండా కిందివైపు కొంచెం బరువుంచి చేస్తారు. దగ్గరి చూపు తగ్గే వయసువాళ్లకు రెండు చూపులూ కలిపినవి ఉన్నాయి. ముందు పొర శంఖంలా పొడుచుకొచ్చినవాళ్లకు మెత్తటివి చాలవు, గట్టివి కావాలి. ఆ గట్టి లెన్సుకూ కంటికీ మధ్య ఎత్తుపల్లాలను కన్నీరే నింపి చదును చేస్తుందట. కన్నీటికి ఏడుపు తప్ప ఇంకో పని ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

నేను నెలకోసారి మార్చేవి తీసుకున్నాను. పెట్టుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. వేలు దగ్గరికొస్తే చాలు, కన్ను టక్కున మూసుకుంటుంది. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. "అక్కా, మందికి రోజు కండ్లల్ల కాటుక పెడ్తరు, మీ కన్నే మీ మాట వింటలేదా?"

ఇంటికొస్తే అమ్మ ఇంకో రకం. "అది జారి ఎనకకు పోతెట్లనే? మెదడుల ఇరుక్కుంటే?"

"పోదమ్మా. రెప్ప లోపలి చర్మం మడతపడి మళ్ల కంటికే అతుక్కొని ఉంటది. అది మూసిన సంచి లెక్క. ఎటూ తొవ్వ లేదు."

"ఏమో బిడ్డా. నీ మెదడు అసలే గింతంత. దానికి ఇంకో అడ్డమెందుకని అడిగిన."

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా మరదలు వచ్చి లెన్సు అడిగేనాటికి ఈ విషయాల్లో నేను పెద్ద పండితురాలిననే అనుకుంటున్నాను.

మరదలంటే మా మేనమామ బిడ్డ. మామకు రైల్వేలో ఉద్యోగం, ఉండేది డోర్నకల్‌లో. ఇది అక్కడే ఒక ప్రైవేటు బడిలో టీచరు. నోరు నాకంటే పెద్దది, మనసు ఇంకా పెద్దది. చిన్నప్పుడు వడ్లు తూర్పారబడుతుంటే పొల్లు ఎగిరి ఎడమ కంట్లో పడింది. పుండయి మానింది, మానినచోట తెల్లటి మచ్చ మిగిలింది. మనవాళ్లు దాన్ని కంట్లో పువ్వు అంటారు. అంత బాధకు అంత అందమైన పేరు ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఇది మాత్రం ఎవరైనా అడిగేలోపే తనే అనేసేది. "అందరు తలల పెట్టుకుంటరు, నేను కంట్ల పెట్టుకున్న. ఏందట?"

అలా అంటుందే గానీ, ఫోటో అనగానే మొహం పక్కకు తిప్పేస్తుంది. మా ఇళ్లలో ఉన్న దాని ఫోటోలన్నీ కుడివైపు నుంచి తీసినవే. క్రిస్మస్ ఫోటోల్లో, బడి వార్షికోత్సవంలో, ఎక్కడ చూసినా సగం మొహమే. ఒక్క ఆధార్ కార్డులో మాత్రం తప్పలేదు, అక్కడ సూటిగా చూడాల్సిందే కదా. ఆ కార్డు ఎవరికిచ్చినా ఫోటో మీద బొటనవేలు పెట్టి ఇస్తుంది.

పెళ్లి కుదిరిన నెలలోనే ప్యాసింజర్ బండెక్కి నా పార్లర్‌కొచ్చి కూర్చుంది.

"వదినా, నాకు లెన్స్ పెట్టు."

"ఏ రంగుదే? పిల్లి కండ్లు గావాల్నా?"

"మన రంగుదే. ఒక్కటే సాలు. ఎడమ కన్నుకు."

నా నవ్వు ఆగిపోయింది. అది అద్దంలో నన్నే చూస్తోంది. "పిలగాడు ఏమన్న అన్నడా?" అని అడిగాను.

"ఆయనేమంటడు? చూడవచ్చిన రోజే నేనే చెప్పిన, ఈ కన్నుకు కనవడదని. 'నాకు కనవడ్తాంది గద' అంటాండు. ఇది ఆయన కోసం గాదు వదినా. నా పెండ్లిల ఒక్క ఫోటో, ఒక్కటంటే ఒక్కటి, నేను సీదా చూడాలె. మొఖం తిప్పకుండ. గంతే."

అడిగింది అంతే. బంగారం అడగలేదు, పట్టుచీర అడగలేదు. నా డ్రాయర్‌లో రంగుల లెన్సుల కేటలాగ్ ఉంది, రేపో ఎల్లుండో ఒకటి తెప్పించి పెట్టేయొచ్చు. కానీ ఆ కన్ను మామూలు కన్ను కాదు. "నేను పెట్టనే" అన్నాను.

"మందికందరికి పెడ్తవ్. నాకెందుకు పెట్టవ్?"

"మంది కండ్లు వేరు. పుండు మానిన కన్ను మీద రెడీమేడ్‌ది పెట్టి అది మళ్ల గీసుకుపోతే నేనేం జెయ్యాలె?"

"సరే తీ. ఎదురు పార్లర్ల అడుగుత." బ్యాగు తీసుకుని లేచింది. చూశారా, ఆ పొగరు! చేయి పట్టుకుని గుంజి, షట్టర్ దించి, ఆటోలో ఎక్కించి సీదా కంటి దవాఖానకు తీసుకుపోయాను. దారంతా నాతో మాట్లాడలేదు.

డాక్టరమ్మ దాని గడ్డాన్ని మిషన్ మీద ఆనించి చాలాసేపు చూసింది. మచ్చ పాతదే, పైపొర గట్టిగానే ఉంది, లెన్సు పెట్టొచ్చు అంది. కాకపోతే ఆ కంటి వంపు కొలిచి, మంచి కన్నును ఫోటో తీసి, దాన్ని చూస్తూ రంగు వేసి ప్రత్యేకంగా తయారు చేయించాలి. ఇలాంటి కళ్ల కోసమే ఆ రకం ఉందట. నాకు తెలియని రకం. నా పాండిత్యం కాస్త తగ్గింది.

"ఈ కన్నుతోని ఏమన్న తెలుస్తదామ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"వెలుతురు తెలుస్తది మేడం. చెయ్యి ఆడిస్తే నీడ లెక్క తెలుస్తది."

"మచ్చ కనవడకుండ ఉండాలంటే లెన్సు నడుమ నల్లగ వెయ్యాలె. అది పెట్టుకున్నంత సేపు ఆ వెలుతురు గూడ తెలవది. ఆలోచించుకోండ్రి."

చూస్తున్నట్టు కనబడాలంటే చూసే ఆ కాస్త కూడా మూసేయాలన్నమాట. వద్దులే పోదాం పద అనబోయాను. అది నా మోచేయి నొక్కింది. "వెయ్యుండ్రి మేడం. నాలుగ్గంటల ముచ్చటే. ఇన్నేండ్లల్ల ఆ కన్ను నాకు చూపిచ్చింది గూడ ఏం లేదు."

మొదట వచ్చిన లెన్సు దవాఖాన ట్యూబులైట్ కింద దివ్యంగా ఉంది. లెన్సులు అమర్చే అమ్మాయి "ఎండల చూద్దాం" అని బయటికి తీసుకుపోయింది. నేనూ ఫౌండేషన్ రంగు అట్లాగే కిటికీ దగ్గర చూస్తాను, కాబట్టి ఏం కాబోతుందో ముందే అనుమానం వచ్చింది. అనుకున్నట్టే అయింది. ఎండలో దాని మంచి కన్ను తేనెరంగు, లెన్సు కన్ను కాటుకనలుపు. మళ్లీ చేయించారు. రెండోది సరిగ్గా కుదిరింది. అద్దం ముందు నిలబెడితే ఇది నోరు మెదపలేదు. అంత నోరున్న మనిషి నిశ్శబ్దంగా ఉంటే నాకు భయమేసింది.

"ఏందే, బాగలేదా?"

"నేను మా అమ్మ లెక్కున్న వదినా" అంది. "ఎవరన్న చెప్తలేరేంది ఇన్ని రోజులు?"

నిజమే, అచ్చం మా అత్త మొహం. మేమూ ఎప్పుడూ దాని మొహం పూర్తిగా చూడలేదేమో. జాగ్రత్తలన్నీ నూరిపోసి పంపాను. చేతులు కడుక్కోవాలి, లెన్సు సొల్యూషన్‌లోనే ఉంచాలి, పెళ్లి రోజు దాకా డబ్బీ తెరవొద్దు. మొదట వచ్చిన ముదురు రంగుదాన్ని నా దగ్గరే ఉంచుకున్నాను.

పెళ్లికి ముందు పసుపు ఫంక్షన్ అని ఒకటి ఇప్పుడు అందరూ చేస్తున్నారు. చర్చి పెళ్లయినా, ఏ పెళ్లయినా, పసుపు పూయడం, డ్రోన్ ఎగరేయడం తప్పడం లేదు. మా మరదలు చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఫోటోగ్రాఫర్ వచ్చాడని లెన్సు పెట్టుకుని పసుపుకు కూర్చుంది. వదినలూ మరదళ్లూ గిన్నెలకు గిన్నెలు కుమ్మరించారు. పసుపు కంట్లోకి పోయింది. ఫోటో సంగతి దేవుడెరుగు, కన్ను నిప్పుకణికలా అయింది. నాకు ఫోన్ చేసేసరికి లెన్సు తీసేసింది గానీ, అప్పటికే మా అత్త రంగంలోకి దిగింది.

నేను బండెక్కి డోర్నకల్ పోయేసరికి లెన్సు గాజుగ్లాసులో నీళ్లలో ఈదుతోంది. పసుపుపచ్చగా, పులిహోర మెతుకులా ఉంది.

"అత్తా! ఎందుల కడిగినవ్?"

"నల్లా నీళ్లల్ల గాదు బిడ్డా" అంది అత్త, ధైర్యంగా. "మినరల్ వాటర్. కొత్త బాటిల్ సీల్ తీసి కడిగిన."

"మినరల్ వాటర్ తాగనీకి అత్తా, కంటికి గాదు! అది స్పాంజి లెక్క పీల్చుకుంటది. నీళ్లల్ల మన కంటికి కనవడని పురుగులుంటయ్. అవి లెన్సు ఎక్కితే కన్నే పోతది!"

అరిచాను. నా నోటికి బ్రేకులు లేవని చెప్పాను కదా. అత్త గ్లాసు పట్టుకుని అట్లాగే మంచం అంచున కూర్చుండిపోయింది. నాతో కాదు, గ్లాసుతో అన్నట్టుగా అంది.

"పొల్లు వడ్డప్పుడు గూడ నేనే కడిగిన బిడ్డా. పక్కింటామె పసరు వొయ్యమంటె పోసిన. నేనే పోసిన."

ఇన్నేళ్లలో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి. మరదలు పసుపు మొహంతో, ఎడమ కన్ను మూసుకునే వచ్చి తల్లి పక్కన కూర్చుని, "పసరు వొయ్యకపోతే నేను ఈపాటికి హీరోయిన్ అయ్యెదాన్ని, నీకు దొరకకపోదును" అంది. అత్త ఏడుస్తూనే నవ్వింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

మళ్లీ వరంగల్, మళ్లీ దవాఖాన. డాక్టరమ్మ పసుపురంగు చుక్క వేసి నీలం లైట్ కింద చూసింది. పుండు లేదు, పసుపు మంట మాత్రమే అంది. చుక్కల మందు రాసి, పెళ్లి పొద్దున ఎరుపు పూర్తిగా పోతేనే, అది కూడా తను చూసి ఒప్పుకుంటేనే లెన్సు అని గట్టిగా చెప్పింది. ఎరుపు ఉంటే? "ఉంటే లేదు" అంది. ఆ మాటకు మరదలు తలూపింది. దవాఖాన మెట్ల మీద మాత్రం నా భుజం మీద తల పెట్టి, "ఒక్క ఫోటోనే గద వదినా నేనడిగింది" అంది.

పెళ్లి పొద్దున డాక్టరమ్మ ముందు గడ్డం ఆనించి కూర్చుంటే, దాని వెనక నిలబడి నేను తెలిసిన ప్రార్థనలన్నీ చేశాను. ఎరుపు లేదు. "పెట్టుకోండ్రి. మంట అనిపిస్తే ఆ క్షణమే తియ్యాలె" అంది. కుదిరిన లెన్సు పసుపుపాలైంది కాబట్టి నా దగ్గరున్న ముదురుదే గతి. దవాఖానలోనే పెట్టించి, పెళ్లి వరంగల్‌లోనే కాబట్టి అటునుంచటే పోయి చర్చి పక్క గదిలో తెల్లచీర కట్టి, ముసుగు వేసి, తలలో మల్లెపూలు పెట్టాను. లోపల ట్యూబులైట్లే కాబట్టి తేడా తెలియలేదు. ఎడమవైపు పూర్తిగా చీకటి కనుక ఆ పక్కన నేనే నడిచాను. పాస్టరు గారు ప్రమాణాలు చెప్పించారు, ఇది గట్టిగా అంది, పెళ్లికొడుకు దాని కంటే మెల్లగా అన్నాడు, అందరూ నవ్వారు.

తర్వాత చర్చి మెట్ల మీద అందరి ఫోటో. మిట్టమధ్యాహ్నపు ఎండ. నడుమ పెళ్లికొడుకు, పెళ్లికూతురు, వాళ్ల పక్కన మామ, అత్త, ఈ కొసకు నేను. ఫోటోగ్రాఫర్ కొత్తవాడు, వీడికి మా సంగతులేవీ తెలియవు.

"రెడీ" అన్నాడు. అంతే, మరదలి మొహం దానంతటదే కుడివైపు చూపిస్తూ తిరిగిపోయింది.

"అమ్మా, సీదా చూడండ్రి."

తిప్పింది. మళ్లీ తిరిగిపోయింది. ఇన్నేళ్ల మెడ అది, లెన్సు పెట్టారని దానికి తెలియదు కదా.

"మేడం, పెండ్లికూతురే పక్కకు చూస్తే ఎట్ల? మొఖం సీదా పెట్టుండ్రి!"

అది కళ్లు మూసుకుంది. ఊపిరి పీల్చుకుంది. మెల్లగా మొహం నిటారుగా పెట్టి, రెండు కళ్లూ తెరిచింది.

క్లిక్‌మంది. ఫోటోగ్రాఫర్ కెమెరాలో చూసుకుని నెత్తి కొట్టుకున్నాడు. "ఇంకోటి తియ్యాలె. పెండ్లికూతురొక్కతే మంచిగున్నది, మిగిలినోళ్లంత ఎటు చూస్తాన్రు?"

ఆ తర్వాత చాలా తీశాడు, అందరం బుద్ధిగా కెమెరా వైపే చూశాం. అయినా మరదలు ఆ చెడిపోయిన మొదటిదాన్నే పెద్దగా కడిగించి డోర్నకల్ ఇంట్లో ముందుగదిలో పెట్టింది. ఎండలో ఒక కన్ను తేనెరంగు, ఒకటి నలుపు, నాకు తెలుస్తూనే ఉంటుంది. ఆ ఫోటోలో కెమెరా వైపు చూస్తున్నది అదొక్కతే. అత్త, మామ, పెళ్లికొడుకు, నోరు తెరిచి నేను, అందరం దాన్నే చూస్తున్నాం.